సన్నబడిన ధార

అనకాపల్లిలో కొత్త కాపురం పెట్టినప్పుడు, మా అద్దె ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది బుల్లి షవరు. ట్యాంకు నుంచి స్నానాల గదికీ వంటింటికీ కలిపి ఒకటే అరంగుళం పైపు. వంటింట్లో కుళాయి తిప్పితే షవరు ధార సన్నబడేది. మా ఆయన హనోకు, నేను స్నానం చేస్తుంటే, కావాలనే ఆ కుళాయి తిప్పి కట్టేవారు. ధార రెండుసార్లు సన్నబడిందంటే టీ అయిందని కబురు. ప్లంబరు అయ్యప్ప లావు పైపు వేస్తానన్నా ఆయన ఒప్పుకోలేదు.

"ఉండనీ బావా, మా టెలిఫోను అదే."

ఒక రాత్రి ఆయన పంచదార ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్లారు. నేను వీధి తలుపు గడియ వేసి, కూనిరాగం తీస్తూ షవరు కింద నిలబడ్డాను. ధార సన్నబడింది. మళ్లీ లావైంది. మళ్లీ సన్నబడింది.

నవ్వొచ్చింది. "అప్పుడే వచ్చేసేరేటండీ? టీ పెట్టేరా?"

గడియ లోపలి నుంచి వేశానని అప్పుడు గుర్తొచ్చింది.

కిటికీలో పెట్టిన సెల్లు మోగింది. ఆయనే.

"సుజీ, తెల్లారేక వత్తాను. తలుపేసుకున్నావా?"

"మీరు ఇంట్లో లేరా?"

"ఏటంటన్నావు? నీళ్ల సప్పుడికి వినపడతం లేదు. షవరు కట్టు."

కట్టాను.

"ఇంకా నీళ్లు పడతన్నాయి కదే," అన్నారు.

వంటింట్లో బిందె నిండుతోంది. ఊపిరి బిగబట్టి విన్నాను. ఎవరో ఆ కుళాయి మెల్లగా కట్టేశారు.

తలుపు సందులోంచి అల్లం టీ వాసన వచ్చింది.