విగ్రహంతో నంద్యాల దాకా

"ఇప్పుడు యాడున్నామన్నా?" అడిగింది అమృత.

"ఇంకా ఆళ్లగడ్డ దాటలేదమ్మా. ఎడమపక్కంతా శిల్పుల షెడ్లే. రాతిదుమ్ము ఎట్ల లేస్తాందో చూడు," అన్నాడు ప్రభుదాసు.

"టెంపోలో ఏముంది?"

"ఆంజనేయస్వామి. నంద్యాల్లో కొత్త గుడికి. వరిగడ్డి పరిచి పండబెట్టినా. బండి గుంతలో పడిందా, సామి ముక్కు పోతాది. తర్వాత నా ముక్కు కోస్తారు."

అమృత నవ్వింది. వెనకనున్న సుందరరాజు నవ్వలేదు. అతను తల వంచుకుని తన పనిలో ఉన్నాడు.

రాతి దేవుళ్లను పెచ్చు ఊడకుండా చేరుస్తాడని ప్రభుదాసుకు పేరు. ఏ ఊరి ముందు గుంత ఉందో, ఏ మలుపులో బండి ఒరుగుతుందో అతని ఒంటికే తెలుసు. అలాంటివాడు పోయిన వేసవిలో, రోజూ తిరిగే శిరివెళ్ల దగ్గర బండి ఆపి రోడ్డు మీద నిలబడిపోయాడు. ఎటు పోవాలో తెలియలేదు. ఎటునుంచి వచ్చాడో కూడా తెలియలేదు. ఓనరు తాళాలు తీసేసుకున్నాడు. "కాలో చెయ్యో పడిపోతే ఓర్చుకుంటా. దారే పోతే ఇంగ నేనెవరు?" అని ఆ రాత్రి భార్య భారతమ్మ దగ్గర ఏడ్చాడు. దారి అతనికి దక్కుతుందో లేదో ఈరోజుతో తేలిపోతుందని సుందరరాజు ముందే చెప్పాడు.

"గేరు మార్చన్నా," అంది అమృత. అతని ఎడమచెయ్యి కదిలింది. "బాగుంది. తల మాత్రం తిప్పొద్దు."

"వణుకు పుడతాంది తల్లీ. ఏసీ తగ్గించరాదా?"

"సార్‌కు చెమట పట్టిందంటే మనిద్దరికీ తిట్లే."

"సరేలే. శిరివెళ్ల వచ్చె. స్పీడుబ్రేకరు... మెల్లగా... కుడిపక్క హోటలు..." ప్రభుదాసు ఆగిపోయాడు. "అమ్మా..."

"ఏందన్నా?"

"రోడ్డు లేదమ్మా. కుడేదో ఎడమేదో... ఏమీ లేదు. అంతా తెల్లగుంది."

పోయిన వేసవిలాగే.

"ఇటు వద్దు," అన్నాడు సుందరరాజు వెనకనుంచి నింపాదిగా. "పక్కనుంచి పోదాం. భయపడొద్దు ప్రభుదాసూ. ఇప్పుడు చూడు."

సుందరరాజు చెయ్యి కాస్త పక్కకు జరిపాడు. మొదట హోటలు పొయ్యి మీది పొగ కనిపించింది. తర్వాత బల్ల మీద టీ గ్లాసులు. వాటి ముందునుంచి నల్లగా, తిన్నగా, రోడ్డు.

"వచ్చెనమ్మా! యాడికీ పోలే!"

ఇక ఆగలేదు. శనగచేలు దాటాడు. నూనెపల్లెలో అడ్డమొచ్చిన ఆటోవాణ్ణి, "నీయబ్బ రోడ్డా ఇది?" అని తిట్టాడు. అమృత మళ్లీ నవ్వింది. గుడి సందులోకి టెంపోను రివర్సులో పెట్టాడు.

"దించండప్పా, మెల్లగా. భుజం కింద చెయ్యి పెట్టండి."

"స్వామి బాగున్నాడా?" అడిగింది అమృత.

"నాకంటే బాగున్నాడు."

అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అమృతే తుడిచింది.

"నీ దారి నీకే ఉంది ప్రభుదాసూ," అన్నాడు సుందరరాజు, మొదటిసారి నవ్వుతూ. "ఎవరైనా పోయి భారతమ్మకు చెప్పండి."

అని, మెదడులో గడ్డ తీసేసిన డాక్టరు సుందరరాజు, మెలకువగానే ఉన్న అతని పుర్రెను మూయడం మొదలుపెట్టాడు.