ఖాళీ అంటే సున్నా కాదు

పొద్దున్నే కంట్రోల్ రూములో ఫోను మోగింది.

"అమ్మాయ్, అందిందా?"

ప్రోగ్రామరు తల పట్టుకుంది. మళ్ళీ ఆవిడే! వాన పడితే చాలు, ఫోను చేస్తుంది. ఆఫీసులో అందరూ ఆవిడకి 'అందిందా మామ్మ' అని పేరు పెట్టేశారు.

"ఏం అందాలి మామ్మగారూ?"

"అదేనమ్మా, నీళ్ళ లెక్క. పైనుంచి పంపింది."

"లెక్క పంపేది యంత్రమండీ. నది ఒడ్డున కూర్చుని అదే కొలుస్తుంది, మేం అడగ్గానే అదే చెప్తుంది. మధ్యలో మీకెందుకీ బెంగ?"

అవతల దగ్గు వినిపించింది. తర్వాత చిన్న నవ్వు.

"పోనీలే తల్లీ. అందితే చాలు."

"అందింది, అందింది. పనుంది, పెట్టేస్తున్నా."

"నిన్ను దత్తత తీసుకునేదాకా వదలదు చూడు," అని పక్క సీటాయన ఏడిపించాడు.

ఆనకట్టకి ఎగువన కొండల్లో ఒక కొలత కేంద్రం ఉంది. ప్రోగ్రామరు రాసిన స్క్రిప్టు గంటగంటకీ ఆ కేంద్రం వెబ్ పేజీని "నీళ్ళెంత?" అని అడుగుతుంది. అది ఒక అంకె చెప్తుంది. ఆ అంకెని బట్టే పెద్ద ఇంజనీరుగారు గేట్లెత్తాలా వద్దా, దిగువన పల్లపు కాలనీ జనాన్ని లేపాలా వద్దా తేలుస్తారు. ప్రోగ్రామరు అక్క ఆ కాలనీలోనే ఉంది, చంటిపిల్లతో.

ఫోను పెట్టేశాక వచ్చిన జవాబు ఖాళీగా ఉంది.

సర్వరేమో 'అంతా సవ్యం' అంటోంది. లోపల చూస్తే అక్షరం ముక్క లేదు.

మళ్ళీ అడిగింది. ఖాళీ.

స్క్రిప్టని చూసి సర్వరు మొహం చాటేస్తోందేమోనని, దానికి మామూలు బ్రౌజరు వేషం వేసి పంపింది. ఖాళీ. బ్రౌజరు గుర్తింపు చీటీల్లా వాడే కుకీలు జత చేసింది. ఖాళీ. పేజీ కొత్త చిరునామాకి మారిందేమోనని వెతికింది. ఎక్కడికీ మారలేదు. చివరికి తనే బ్రౌజరులో తెరిచి చూసింది. తెల్లగా, వెలవెలబోతూ ఉంది.

"ఏమిటే తల్లీ నీ రోగం?" అంది స్క్రీనుతో.

పెద్ద ఇంజనీరుగారు వచ్చారు.

"ఎందుకమ్మా అంత హైరానా? గోడ మీది నీటిమట్టం బోర్డులో పచ్చ లైటేగా. నీళ్ళు సున్నా అంటోంది."

ఆమె కుర్చీలోంచి లేచింది.

ఆ సున్నా నది చెప్పింది కాదు. జవాబు ఖాళీగా వస్తే బోర్డు సున్నా చూపించేలా ఎప్పుడో తొందరలో తనే రాసి వదిలేసింది.

"సార్, ఖాళీ అంటే సున్నా కాదు! నీళ్ళు లేక కాదు, మనకి కబురు తెగిపోయింది."

"అయితే ఇప్పుడు ఎంతుంది?"

"తెలీదు సార్. ఆఖర్న వచ్చిన అంకె మాత్రం నేనిక్కడ చేరాక ఎప్పుడూ చూడనంత పెద్దది."

"యంత్రం పాడవుతూ తప్పు అంకె ఇచ్చిందేమో! ఉత్తపుణ్యానికి అన్ని కుటుంబాల్ని రోడ్డున పడేస్తే రేపు నన్నెవరు వదుల్తారు?"

"మిగతా కేంద్రాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు మొరాయించాయి సార్. ఇదొక్కటే ఎన్నడూ తప్పు చెప్పలేదు. నేను దీన్నే నమ్ముతాను."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. తర్వాత ఫోనందుకున్నారు.

గేట్లు లేచాయి. కాలనీలో మైకులు మోగాయి. అక్క పిల్లని దుప్పట్లో చుట్టుకుని బడి మేడెక్కింది. సాయంత్రానికి ఆ ఇంటి కిటికీలు మునిగాయి. కాలనీలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

"నీ యంత్రానికి దండం పెట్టాలమ్మా," అన్నారు పెద్ద ఇంజనీరుగారు.

వరద తీశాక, కేంద్రాన్ని బాగుచెయ్యమని టెక్నీషియన్ని పంపారు. అతను అక్కణ్ణుంచి ఫోను చేశాడు.

"మేడమ్, ఇక్కడ బాగుచెయ్యడానికేం లేదు."

"అంతలా పాడైందా?"

"పాడవడానికి యంత్రమంటూ ఉంటేగా! వెనకటి పెద్ద వరదలోనే కొట్టుకుపోయిందట. ఉత్త స్తంభం ఉంది, దాని మీద రంగుతో గీతలు."

"మరి ఇన్నాళ్ళూ అంకెలు ఎలా వచ్చాయి?"

"పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారట. యంత్రం బిగించినవాళ్ళు పరీక్ష కోసం అంకెలు ఎక్కించే మన పేజీని ఆవిడ ఫోనులో తెరిచి, అలాగే వదిలేసి పోయారు. ఆవిడ గీత చూసి అంకె కొట్టేవారు. వరద తర్వాత అంకెలు మళ్ళీ వచ్చేసరికి, యంత్రం తనే కోలుకుందనుకుని మనవాళ్ళెవరూ ఇటు రాలేదు."

"రాత్రిళ్ళు కూడానా?"

"వానాకాలమంతా అలారం పెట్టుకుని లేచేవారట. అందిందో లేదోనని మన ఆఫీసుకి ఫోను కూడా చేసేవారట."

ప్రోగ్రామరుకి 'అందిందా మామ్మ' గుర్తొచ్చింది. తన స్క్రిప్టుకి నిద్ర లేదు, విసుగు లేదు. దానికి సమానంగా ఒక ముసలి ప్రాణం కొండల్లో మేలుకుని జవాబు చెప్పింది. అంత నిక్కచ్చిగా చెప్పింది కాబట్టే అందరూ యంత్రమనుకున్నారు. ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఫోను ఆవిడకివ్వు. ఒక్కసారి మాట్లాడాలి."

"లేరు మేడమ్. మొన్న వరద రోజు పొద్దున్న వానలో తడుస్తూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, స్తంభం దగ్గరే కూలబడిపోయారట. మళ్ళీ లేవలేదు."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ విన్న ఆఖరి గొంతు తనది. అందులో ఒక్క మంచి మాట లేదు.

"ఈ పని ఆవిడకి ఎవరు అప్పజెప్పారు? మన ఆఫీసేనా?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. యంత్రం కొట్టుకుపోయి మనకి కబురందని ఆ రాత్రి, పల్లపు కాలనీలో మునిగిపోయింది ఆవిడ కూతురూ అల్లుడూ పిల్లలేనట."