ఒక్క లైను పని

"అప్పుడే అయిపోయిందా?" గుమ్మంలోంచే అడిగింది అత్తగారు.

"ఆఁ, అయిపోయింది అత్తయ్యా," అంటూ కోడలు కుర్చీలో వెనక్కి వాలింది.

అత్తగారికి ఒళ్లు మండింది. ఇప్పుడే కదా కూర్చుంది! నల్లటి తెర మీద ఒకే ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కింది. కుళాయి విప్పినట్టు పచ్చటి అక్షరాలు జలజలా కిందికి జారాయి. అవి ఆగేలోగా కోడలు లోపలి గదివైపు ఒకసారి చూసింది. అక్కడ కొడుకు వంచిన తల ఎత్తకుండా టకటకా కొడుతూనే ఉన్నాడు. 'చూశావా నా దర్జా' అన్నట్టుంది ఆ చూపు. ఆ లైను కొట్టిన ప్రతిసారీ అలాగే చూస్తుంది మహాతల్లి.

"ఇంతకీ ఏం తయారైంది?"

"పశువుల డాక్టరుగారికి వెబ్‌సైటు. కుక్కల పేర్లు ఎక్కించే పేజీ, మార్చే పేజీ, జాబితా, వాటిని దాచుకునే చోటు. ఏమేం కావాలో ఒక్క లైన్లో చెప్తే చాలు, ఫైళ్లన్నీ అదే పుట్టిస్తుంది. ఇదివరకు చేత్తో రాస్తే నాలుగు రోజులు పట్టేది."

"కుక్కలకి కూడా వెబ్‌సైటా! బాగుంది. మరి మిగిలిన ఆ నాలుగు రోజులూ ఏం చేస్తావమ్మా?"

కోడలు మళ్లీ తెర వైపు తిరిగింది.

కొడుకుదీ కోడలిదీ ఒకటే ఆఫీసు. కొడుకు చేరిన రెండేళ్లకి కోడలు చేరింది. మూడు నెలలుగా ఇద్దరూ ఇంట్లోంచే పని. అయినా మేనేజరు ఫోన్లన్నీ కోడలికే, మెప్పులన్నీ కోడలికే. పోయిన వారం ఆమెను టీమ్ లీడ్‌ని కూడా చేశారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే మరి.

ఆ మాట విన్నప్పటి నుంచి అత్తగారికి నిద్ర సరిగా లేదు. ఇవాళ వాడికి ఫోన్ చెయ్యడం మానేశారు. రేపు పనివ్వడం మానేస్తారు. ఎల్లుండి రావద్దంటారు. అసలే నోట్లో నాలుక లేనివాడు. మంచం పడతాడు. తిండి మానేస్తాడు. ఆ పైన ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

కాఫీ తీసుకుని కొడుకు గదిలోకి వెళ్లింది. అడుగుల చప్పుడు వినగానే అతను ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఎందుకురా మూస్తావ్? నాకేమన్నా అర్థమై చస్తుందా?"

"కళ్లు లాగుతున్నాయమ్మా."

"లాగవూ మరి! నువ్వూ ఆ ఒక్క లైనే కొట్టకూడదుట్రా? తను అలా వాలిపోతుంటే, నువ్విలా నడుం విరగ్గొట్టుకోవడం ఏమిటి?"

"ఇటుకలు ఎవరైనా తీస్తారమ్మా," కాఫీ వైపు చూస్తూ అన్నాడతను. "వాటి అచ్చు చెయ్యడమే కష్టం."

"నీ అచ్చులూ ఇటుకలూ నాకెందుకు? నిన్న ఆ తెర మీద ఎర్రగా ఏదో వచ్చిందని నీ దగ్గరికే కదా పరిగెత్తుకొచ్చింది? నువ్వు రెండు ముక్కలు చెప్తే బాగు చేసుకుని పోయింది. బుర్ర నీది, పేరు దానిది!"

"పోనీలేమ్మా. తను అడిగితే నాకూ బాగుంటుంది."

"ఇదిగో, ఈ మెతకతనమే నీ కొంప ముంచుతుంది."

ఆ మధ్యాహ్నం కోడలు మేనేజరుతో వీడియోలో మాట్లాడుతుండగా వీధి గంట మోగింది. "ఒక్క నిమిషం సార్, పార్సిల్ వచ్చినట్టుంది," అని లేచి వెళ్లింది. అత్తగారు అటూ ఇటూ చూసి, చీర కొంగు సర్దుకుని, ఆ కుర్చీలో కూర్చుంది.

"బాబూ, నేను అబ్బాయి తల్లిని."

"అయ్యో, నమస్కారమండీ! బాగున్నారా?"

"నా బాగుకేం గానీ, న్యాయం అడుగుదామని కూర్చున్నాను. మా కోడలు ఒక్క లైను కొట్టి చేతులు దులుపుకుంటుంది. మావాడు పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా వేళ్లరిగేలా కొడుతూనే ఉంటాడు. పేరు మాత్రం ఆవిడకా? ఇదేం ధర్మం నాయనా?"

మేనేజరు తెరకి దగ్గరగా వంగాడు.

"ఆ ఒక్క లైను కొడితే ఇన్ని ఫైళ్లు పుట్టించే ప్రోగ్రాము ఉంది చూశారూ, దాన్ని రాసిందెవరో తెలుసా అండీ? మీ అబ్బాయే. ఏడాది పట్టింది. పదిమంది చేసే పని ఇప్పుడదే చేస్తోంది."

అత్తగారి గుండె ఇంతైంది. వీధి గుమ్మంలో కోడలు పార్సిల్ పట్టుకుని బిగుసుకుపోయింది. వద్దు వద్దన్నట్టు తెరకేసి చెయ్యి ఊపుతోంది. నిజం బయటపడేసరికి మొహం ఎలా పాలిపోయిందో! అత్తగారు కుర్చీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అంత పని చేసినవాణ్ణి పైకి తీసుకురావద్దూ మరి?"

మేనేజరు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"మీకు ఇంట్లో చెప్పలేదా అమ్మా?"

"ఏం చెప్పాలి బాబూ?"

లోపలి గదిలోంచి టకటక వినిపిస్తూనే ఉంది.

"ఆ ప్రోగ్రాము పూర్తయిందని, మూడు నెలల కిందటే అతన్ని తీసేశామండీ."