పొలమారిన అధికారి

సముద్రం ఊళ్ళమీదికొచ్చాక, అరవై దాటినా ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళని గోడ కట్టే పనికి పట్టుకుపోతున్నారు. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అందుకే, ఈ వయసులోనూ ఖోఖో ఆడే మా ఆవిడ సువర్చల తన బూట్లు అటకమీద దాచేసింది. తనిఖీ అధికారి వచ్చేసరికి చేతికర్ర పక్కన పెట్టుకుని చాపమీద కూర్చుంది.

"మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?" ఎదురుగా కూర్చుంటూ అడిగాడతను.

"ఏం చెప్పను బాబూ, కూర్చుంటే లేవలేను."

అతను తలూపి, నేనిచ్చిన మజ్జిగ గుక్కెడు తాగాడు. పొలమారింది. ఉక్కిరిబిక్కిరైపోయాడు.

"అయ్యో, ఎవరో తలుచుకుంటున్నారు!" అంటూ సువర్చల ఒక్క ఉదుటున లేచి వెళ్ళి అతని నడినెత్తిన తట్టింది.

కర్ర చాపమీదే ఉండిపోయింది.

అతని దగ్గు చటుక్కున ఆగింది. "ప్రతి ఇంట్లోనూ ఇలాగే లేస్తారమ్మా," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "బట్టలు సర్దుకోండి."