ఉడికిన గ్లాసు

కల్వకుర్తి బస్టాండు హోటల్లో రామచంద్రయ్య పంతులు పేపరు పెద్దగా చదువుతున్నాడు. చంద్రుడి మీదికి పంపే యంత్రాన్ని ముందుగా బాగా వేడి చేస్తారట, మన క్రిములు అక్కడ పడకూడదని.

చూరు కింద వానకు తడుస్తూ ఏసోబు అడిగాడు. "ఆడ ఎవలుంటరయ్యా?"

"ఎవ్వరూ ఉండర్రా."

"ఎవ్వలు లేనికాడ గింత మడా! ఉడకబెడితే అంత సాఫయితదా?"

"ఒక్క క్రిమి మిగలదు. శాస్త్రం మరి!"

ఏసోబు చూరులో దోపిన తన గ్లాసు తీసి హోటలాయన ముందు పెట్టాడు. "అయితే దీన్ని ఉడకబెట్టు సేటూ. ఇయ్యాల లోపల కూసోని తాగుత."

అందరూ పంతులు వైపు చూశారు. అన్న మాట ఎట్లా మింగుతాడు? "పెట్టవయ్యా, తప్పేముంది" అన్నాడు.

ఏసోబు మొదటిసారి బల్ల మీద కూర్చుని చాయ తాగాడు.

తెల్లారీ వానే. ఏసోబు గ్లాసు లోపల అందరి గ్లాసుల మధ్య ఉంది. అతను సంబరంగా పోయి కూర్చున్నాడు.

పంతులు వచ్చాడు. గడప దాటకుండానే సంచిలోంచి ఇంటి గ్లాసు తీశాడు. "నాకు దీంట్ల పొయ్యి."

వెనక వచ్చినవాళ్లూ ఇంటి గ్లాసులే తెచ్చుకున్నారు. అంతా చూరు కింద తడుస్తూ తాగారు.

ఏసోబు లేచాడు. గుమ్మం నిండా వాళ్లే. ఎవరికీ తగలకుండా బయటికి పోయే దారి లేదు.