తొమ్మిది గ్రాముల కొసరు

బంగార్రాజు ఇచ్చిన బ్రాకెట్ అందుకుని, ఆ కొత్త మనిషి సంచిలోంచి చిన్న త్రాసు తీశాడు.

"తొమ్మిది గ్రాములు ఎక్కువుందండి."

"తక్కువైతే అడగండి. ఎక్కువుంటే తప్పేంటండి?"

రాజమండ్రిలో బంగార్రాజుది చిన్న మెషిన్ షెడ్డు. విమానంలో సీట్లు బిగించే అల్యూమినియం బ్రాకెట్లు చేస్తాడు. ఆ ఒక్క ఆర్డరు మీదే ఆరు కుటుంబాలు బతుకుతున్నాయి. బరువు తగ్గకపోతే ఆర్డరు ఉండదని కంపెనీ అప్పటికే రెండుసార్లు రాసింది.

"సీటుకి నాలుగు. నూట ఎనభై సీట్లు. అంతా కలిపి ఆరున్నర కిలోలు. ఎగిరిన ప్రతిసారీ ఊరికే మోయాలండి," అన్నాడాయన.

పేరు గణేష్‌బాబు అన్నాడు. కంపెనీ ఇన్‌స్పెక్టరై ఉంటాడని బంగార్రాజు ఇంకేమీ అడగలేదు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. తణుకులో పాసింజరెక్కి, స్టేషన్ నుంచి నడిచి.

"కారైనా ఇవ్వని కంపెనీ ఏంటండీ ఇది," అంది మెషిన్ నడిపే చిట్టెమ్మ.

"గ్రాములు తూచేవాడికి కారెవడిస్తాడు?" అన్నాడు బంగార్రాజు.

ఆ త్రాసు బయటికి వచ్చినప్పుడల్లా తననే తూస్తున్నట్టుండేది బంగార్రాజుకి. తండ్రి పాలకొల్లులో బెల్లం అమ్మేవాడు. కొసరు వెయ్యకుండా ఎవర్నీ పంపేవాడు కాదు. ఆ చెయ్యే తనకీ వచ్చిందనుకునేవాడు.

మూడో శుక్రవారం ఆయన త్రాసు తియ్యలేదు. మెషిన్ పక్కన స్టూలు వేసుకుని మధ్యాహ్నం దాకా చూశాడు.

"ముక్కని పట్టుకునే బిగింపు అరిగిందండి. కోసేటప్పుడు అది వణుకుతోంది. ఎక్కడ పల్చబడుతుందోనని మీరు ముందే మందం వదిలేస్తున్నారు. ఇది కొసరు కాదండి, భయం."

బంగార్రాజుకి ఒళ్లు మండింది. అన్నం ముందు కూర్చున్నా ఆ మాట వదల్లేదు. తక్కువ చేశాడన్న మాట పడాల్సి వస్తుందేమోనని, తాను ఇన్నేళ్లూ అన్నిట్లో ఓ పిసరు ఎక్కువే వేస్తూ వచ్చాడు. అది ఈయనకెలా తెలిసింది?

తర్వాత నాలుగు శుక్రవారాలూ ఇద్దరూ కలిసి కొత్త బిగింపు చేశారు. ముక్క కదలడం మానేసింది. డ్రాయింగులో ఉన్న మందమే వచ్చింది. పాడై పారేసేవి తగ్గాయి. గంటకు నాలుగయ్యేవి ఆరయ్యాయి.

ఏప్రిల్ చివర్లో ఆయన త్రాసు సంచిలో పెట్టుకున్నాడు.

"ఇక నా అవసరం లేదండి."

"మంచిదండి," అన్నాడు బంగార్రాజు. గేటు దాకా కూడా వెళ్లలేదు.

మే నెలలో ఆర్డరు వచ్చింది, ఏకంగా రెండేళ్లకి. చిట్టెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ముందు ఆయనకి చెప్పండి బాబూ."

బంగార్రాజు పూతరేకులు పొట్లం కట్టించి, కంపెనీకి ఫోన్ చేశాడు.

"మీ ఇన్‌స్పెక్టర్ గణేష్‌బాబు గారున్నారాండి? ఓసారొచ్చి దణ్ణం పెట్టుకోవాలి."

అవతలాయన ఆ పేరు మరోసారి చెప్పించుకున్నాడు.

"మేం మీ దగ్గరికి ఎవర్నీ పంపలేదండి. గణేష్‌బాబు గారు జనవరి నెలాఖరునే రిటైరయ్యారు. ఆఖరి రోజు మీ ఆర్డరు ఆపేసే కాగితం సంతకానికొస్తే, 'మూడు నెలలు ఆగండి, నేను వెళ్లి చూస్తాను' అని దాని మీద రాసి వెళ్లారండి."