పేరంటాలమ్మ పసుపు

పసుపు గిన్నె పట్టుకుని వరస చివరికి వచ్చేసరికి యమున చెయ్యి ఆగిపోయింది.

అక్కడ కూర్చున్న ముసలామె ఈ ఊరి మనిషి కాదు. మాసిన నేత చీర, నెరిసిన జుట్టు, నుదుట పెద్ద కుంకుమబొట్టు. ముత్తయిదువుల పక్కన పుట్టింటి పేరంటానికి వచ్చినంత ధీమాగా కూర్చుని, పసుపు రాయమని కాళ్లు చాపింది.

కళింగపట్నం ఒకప్పుడు నిజంగా పట్నమే. ఓడలు రంగూన్ దాకా వెళ్లి వచ్చేవి. ఎక్కడెక్కడి వాళ్లో రేవులో దిగి, ఇక్కడే అన్నం తిని, ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. రేవు మూతపడ్డాక గిడ్డంగులు కూలాయి, షావుకార్లు శ్రీకాకుళం చేరుకున్నారు, ఊరికి ఒక లైట్‌హౌసూ పేరులో పట్నమూ మిగిలాయి. మళ్లీ నలుగురూ ఈ దారి పట్టారంటే అదంతా దేముడమ్మ పేరంటాలు చలవేనని ఊరు నమ్ముతుంది.

ఆ దేముడమ్మ యమున తండ్రి తిరుమలరావుకి మొదటి భార్య. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడే, వంశధార సముద్రంలో కలిసే చోట పడవ బోల్తాపడింది. శవం దొరకలేదు. చీర మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొగుడు బతికుండగా పసుపు కుంకాలతో పోయిన ఆడదాన్ని ఈ వైపు పేరంటాలని కొలుస్తారు. చీర దొరికిన చోటే గుడి లేచింది. తిరుమలరావు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. అయినా దేవత మొగుడన్న మర్యాద ఆయనకు ఇసుమంతైనా తగ్గలేదు. ఆయన మంచాన పడ్డాక గుడి పెత్తనం యమున చేతికి వచ్చింది.

పండగనాడు ముత్తయిదువులకి పసుపు రాసి గాజులిచ్చాకే ఊరి పడవలు వేటకి కదులుతాయి. ఆ వరసలో విధవ కూర్చుంటే ఆ ఏడు సముద్రం ఎవరినో ఒకరిని మింగుతుందని భయం. అలాంటిదేమైనా జరిగితే జనం వచ్చి నిలబడేది యమున గుమ్మంలోనే.

"నీ పెనిమిటి ఉన్నాడేటి, ముసలమ్మా?" అని అడిగింది యమున.

"ఉన్నాడమ్మా."

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

వరసంతా గొల్లున నవ్వింది. ఈ ఊళ్లో ఏ మొగుడికి ఏ పెళ్లామో అక్కడున్న వాళ్లకి కంఠతా వచ్చు.

"అయితే పేరు సెప్పు."

ముసలామె తల దించుకుంది. మొగుడి పేరు నోటితో ఎలా పలుకుతానమ్మా అని సిగ్గుపడుతూ గొణిగింది.

నిజానికి ఆ వరసలో కూర్చున్న ఏ ఒక్కతీ తన మొగుడి పేరు పైకి అనదు. అంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లకీ భయమే. కానీ తమకి ఆచారమైనది పరాయిదానికి సాకులా కనబడింది. దొంగబొట్టు పెట్టుకుని గాజుల కోసం వచ్చిందని ఒకామె అంది. అందరూ అవునన్నారు.

యమున వంగి, కొంగుతో ఆ నుదుటి కుంకుమని తుడవబోయింది.

ముసలామె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తుడవకమ్మా. ఆయనకి మంచిది కాదు."

యమున చెయ్యి విదిలించుకుని తుడిచేసింది. పక్కనున్న వాళ్లు ముసలిదాన్ని రెక్క పట్టి లేపి గుడి బయట ఎండలో కూర్చోబెట్టారు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నుదురు తడుముకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ యమున ఈ ముచ్చటంతా తండ్రికి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. తిరుమలరావు ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"పేరు సెప్పిందేటి?"

"లేదు నాన్నా. ఉంటే కదా సెప్పడానికి."

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత, ఊళ్లో ఉంచొద్దు, ఆటోలో అరసవల్లి దింపించెయ్, అక్కడ గుడి దగ్గర తిండికి లోటుండదు అన్నాడు. తండ్రిది ఎంత మంచి మనసో అనుకుంది యమున.

ఆటో వెంకటేష్‌ది. పొద్దు వాలేవేళకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముసలిది దారంతా నుదురు తడుముకుంటూనే కూర్చుందట. అరసవల్లిలో గుడి పక్కనున్న లాడ్జి మెట్ల మీద కూర్చోబెడితే అలాగే పక్కకి ఒరిగిపోయిందట. నా అన్నవాళ్లు ఎవరూ లేరని మున్సిపాలిటీ వాళ్లు శవాన్ని బండిలో వేసుకుపోయారట.

యమున గుండె తేలికపడింది. వేళకి వరసలోంచి లేపేశాం కాబట్టి సరిపోయింది, ఆ చావు ఊరికి చుట్టుకునేదే అని వెంకటేష్‌తో అంది.

లోపల మంచం కిర్రుమంది.

తిరుమలరావు గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాడు. నూతి గట్టు మీద కూలబడి, కట్టుబట్టలతోనే చెంబుడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాడు. అయినవాళ్లు పోయారని కబురొస్తేనే ఈ ఇంట్లో అలా స్నానం చేస్తారు.

యమున పరుగున వెళ్లి పట్టుకుంది.

"ఎవరు పోయారని నాన్నా?"

ఆయన బాల్చీలో మరో చెంబు ముంచాడు.

"ఒడిశా జాలరోళ్లు బతికించినారంట. ఆ ఏడాదే ఓసారొచ్చినాది. అప్పటికే గుడి కట్టీసినాం, జనం కొబ్బరికాయలు కొడతన్నారు. నువ్వొస్తే ఊరికి అమ్మ ఉండదు, పొమ్మన్నాను. మాటాడకండా ఎల్లిపోయినాది."

ఎవరో యమునకి ఇంకా అందలేదు. తండ్రి భుజం పట్టుకుని మళ్లీ అడిగింది.

"పడవ మునిగినప్పుడు ఉత్తినే సేసినాను ఈ తానం," అన్నాడు తిరుమలరావు. "మీ దేముడమ్మ ఇయాల పోయినాది."